ఐర్లాండ్ నుంచి తెచ్చిన కిడ్నీ

ఓక్లహోమా రాష్ట్రంలో ఆగ్నేయ మూలనున్న ఒక చిన్న ఊళ్లో నేను నాలుగేళ్లు డయాలసిస్ నర్సుగా పనిచేశాను. ఆ ఊరు నేను ఎంచుకున్నది కాదు. గ్రీన్ కార్డు స్పాన్సర్ చేసిన కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి, మూడేళ్లు కదలకూడదు. కాంట్రాక్ట్ అలాంటిది. మా ఆయనది డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఇద్దరి మధ్యా రెండున్నర గంటల డ్రైవ్. శుక్రవారం డ్యూటీ దిగి డాలస్ వెళ్లేదాన్ని. ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నాలుగు మాటలు తెలుగులో మాట్లాడుకుని, మిగిలిన పప్పూ పులుసూ డబ్బాల్లో పెట్టించుకుని తిరిగొచ్చేదాన్ని. మిగతా వారమంతా పైన్ చెట్లు, కలప లారీలు, పన్నెండు డయాలసిస్ కుర్చీలు.

ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లు చాలామంది చాక్టా తెగవాళ్లు. అమెరికా రాకముందు రెడ్ ఇండియన్లనే మాట నేను స్కూలు పుస్తకంలో తప్ప ఎక్కడా వినలేదు. వాళ్లు ఇంకా ఉన్నారనీ, మనలాగే షుగరుకీ బీపీకీ మాత్రలు మింగుతూ ఉంటారనీ, వారానికి మూడుసార్లు నా ముందు చెయ్యి చాపి కూర్చుంటారనీ ఊహించలేదు.

మొదటి వారంలోనే ఆవిడ తగిలింది. అరవై దాటిన మనిషి. స్కూల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది. నెరిసిన జుట్టు నడుము దాకా ఒకే జడ. నా చేతిలో సూది చూస్తూ అడిగింది.

“నువ్వు ఇండియన్‌వా?”

“అవునండీ.”

“నన్ను కూడా అలాగే అంటారు. ఎవడో దారి తప్పి వచ్చి పెట్టిన పేరు. అది నీదే, నువ్వే ఉంచుకో.”

నాకు నవ్వొచ్చి సూది తప్పింది. సూది రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక, “సారీ ఆంటీ” అన్నాను. “నేను ఎప్పుడు నీకు ఆంటీ అయ్యాను?” అంది. మా వైపు పెద్దవాళ్లని అలా పిలుస్తామని చెప్పాను. తర్వాత వచ్చినప్పుడు తనే, “నీ ఆంటీ వచ్చింది, జాగ్రత్తగా పొడువు” అంటూ కూర్చుంది.

సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకుని సన్నగా ఏదో పాడుకునేది. మాటలు తెలియకపోయినా, అది దేవుడి పాటని నాకు వెంటనే అర్థమైంది. ఆ సాగదీత మా చర్చిలో ముసలమ్మల పాటల్లో విన్నదే. అడిగితే, అది చాక్టా భాషలో పాట అనీ, తన ముత్తవ్వలు మిసిసిపీ నుంచి ఇక్కడికి నడిచి వస్తూ అలాంటివే పాడుకున్నారనీ చెప్పింది.

“నీ భాషలో ఒకటి పాడు” అంది.

మెషిన్లు కూస్తున్న ఆ హాల్లో, మా నాయనమ్మ పొలంలో నాట్లు వేస్తూ పాడిన కీర్తన ఒక చరణం పాడాను. పక్క కుర్చీ ఆయన టీవీ సౌండ్ తగ్గించాడు. ఆంటీ కళ్లు తెరవకుండానే, “ఇది నీ పిల్లలకి వస్తుందా?” అని అడిగింది. నాకింకా పిల్లలు లేరన్నాను. “నాకు ఒక మేనకోడలు ఉంది. దానికి రాదు” అంది.

రెండో ఏడాది ఒక సోమవారం చేతిసంచిలోంచి పాత ఫోటో తీసి చూపించింది. రోడ్డు పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఒకే తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒకరు నల్లటి జడతో ఆంటీ. రెండో అమ్మాయి మొహం ఎండకి కందగడ్డలా ఉంది.

“నా చెల్లెలు” అంది. నేను మొహం పెట్టిన తీరు చూసి, “ఐర్లాండ్ చెల్లెలు” అని సరిచేసింది.

ఆ కథ అప్పుడే చెప్పింది. “దాదాపు రెండొందల ఏళ్ల కిందట తెల్లవాళ్ల ప్రభుత్వం మిసిసిపీలో మా భూములు లాక్కుని ఇక్కడికి తోలింది. చలికాలం. దుప్పట్లు లేవు, సరిగా చెప్పుల్లేవు. దారి పొడవునా మనుషుల్ని పాతిపెట్టుకుంటూ వచ్చారు. వచ్చి పదహారేళ్లు కూడా సరిగా నిండలేదు. సముద్రం అవతల ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలికి చచ్చిపోతున్నారని తెలిసింది. ఐర్లాండ్ ఎక్కడుందో మావాళ్లకి ఏం తెలుసు? ఆకలంటే తెలుసు. ఉన్నదాంట్లోనే పోగుచేసి పంపించారు.”

“వాళ్లు గుర్తుపెట్టుకున్నారా?”

“గుర్తుపెట్టుకోబట్టే ఇది వచ్చింది” అని ఫోటోలో అమ్మాయిని వేలితో తట్టింది.

ముప్ఫై ఏళ్ల కిందట ఐర్లాండ్ నుంచి కొంతమంది వచ్చి, చాక్టా వాళ్లతో కలిసి ఆ పాత దారి వెంట నడిచారట. అందులో ఈ అమ్మాయి ఒకతె. రెండో రోజుకే కాళ్లు బొబ్బలెక్కి కూలబడింది. ఆంటీ తొట్టిలో ఉప్పునీళ్లు తెచ్చి కాళ్లు కడిగింది. అప్పటి నుంచి ఉత్తరాలు, తర్వాత ఫోన్లు. ఆవిడ నాలుగుసార్లు ఇక్కడికి వచ్చింది. ఆంటీ ఒక్కసారీ ఐర్లాండ్ వెళ్లలేదు. అక్కడ కార్క్ అనే చోట, చాక్టా వాళ్ల సాయానికి గుర్తుగా ఆకాశమెత్తు ఉక్కు ఈకలు తొమ్మిదింటిని గుండ్రంగా, ఖాళీ గిన్నె ఆకారంలో నిలబెట్టారు. వాటి ఫోటో ఆంటీ ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండేది. వెళ్దామనుకునేసరికి కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు మెషిన్‌కి కట్టుబడ్డ మనిషి సముద్రం దాటడం మాటలు కాదు.

ఆ ఏడాది చలికాలంలో ఐరిష్ ఆవిడ ఫోన్ చేసి, తన కిడ్నీ ఒకటి ఇస్తానంది.

ఆంటీ నాకు ఆ సంగతి ఏదో ఫిర్యాదులా చెప్పింది. “పిచ్చిది. వద్దని ఫోన్ పెట్టేశాను.”

“ఎందుకు వద్దన్నారు?”

“కోవిడ్ అప్పుడు ఐర్లాండ్ వాళ్లు నవాహో వాళ్లకి, హోపీ వాళ్లకి సాయం పంపారు. మాకు కాదు, వేరే తెగలకి. మా పేరు తలుచుకుని ఇంకొకరికి ఇచ్చారు. అది నాకు బాగుంది. ఇచ్చినవాళ్లకే తిరిగి ఇస్తే అది ఇవ్వడమా, లెక్క సరిచేయడమా?”

నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. నర్సుగా నా పని సూదులు, బీపీ, బరువు. కానీ కిడ్నీ మార్పిడి లిస్టులో ఆవిడ పేరు పక్కన పెట్టడానికి కారణమైన కాలి పుండు అప్పుడే మానింది. ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో మళ్లీ యాక్టివ్ చేయించుకోవచ్చని డాక్టర్ కూడా అన్నాడు. కుర్చీ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను.

“ఆంటీ, ఆవిడ ఐర్లాండ్ తరఫున ఇస్తానందా? చెల్లెలుగా ఇస్తానందా?”

మూడు నాలుగు వారాలు నేను వదల్లేదు. వచ్చినప్పుడల్లా అదే మాట. చివరికి ఒక బుధవారం, “సరే, రమ్మన్నాను. నీ పోరు పడలేక” అంది. నాకు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది. సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేసి చెబితే, “మంచిదే. కానీ నువ్వు మరీ ఇన్వాల్వ్ అవ్వకు” అన్నాడు.

ఐరిష్ ఆవిడ మార్చిలో వచ్చింది. యాభై దాటిన మనిషి, అక్కడ స్కూలు టీచరు, ఒంటరిగా ఉంటుంది. సెలవు పెట్టి తొంభై రోజులు ఉండేలా వచ్చింది. ఆంటీ డయాలసిస్‌లో ఉన్నంతసేపూ బయట లాబీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరితో మాటలు కలిపేది. వారం తిరిగేసరికి ఎవరి మనవరాలు ఏ క్లాసో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

ఆవిడ దగ్గర రోజులు తక్కువ కాబట్టి, పెద్ద ఊరి ఆసుపత్రి వాళ్లు ఇద్దరి పరీక్షలూ ఒకేసారి మొదలుపెట్టారు. బ్లడ్ గ్రూపు కలిసింది. మిగతావీ కలిశాయి. ఆవిడ గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు అన్నీ బాగున్నాయి. ఇవ్వమని ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగారట. “బలవంతపెట్టింది నేనే” అని చెప్పిందట.

ఆ ఆరు వారాలూ ఆంటీ వేరే మనిషి. పాస్‌పోర్ట్‌కి అప్లై చేసింది. ఫోటో కోసం జడ విప్పి మళ్లీ అల్లుకుంది. ఐర్లాండ్‌లో వాన పడుతుందని రెయిన్ కోటు కొనుక్కుని, ట్యాగ్ కూడా తీయకుండా సెంటర్‌కి వేసుకొచ్చింది. “ఇది నీళ్లు ఆపుతుందా చూడు” అని నా చేత గ్లాసు నీళ్లు పోయించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అంత నవ్వు ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు.

ఏప్రిల్ చివర్లో ఆవిడ కుర్చీలో ఉండగానే ఫోన్ వచ్చింది. రెండు చేతుల్లో ఒక దానికి సూదులు. రెండో చేత్తో ఫోన్ పట్టుకుని వింది. “అవును,” “అర్థమైంది,” “థాంక్యూ.” ఆ మూడు మాటలే. ఫోన్ దుప్పటి మీద పెట్టి నా వైపు చూసింది.

“గుండె బాలేదట. కొట్టుకునే బలం బాగా తగ్గిపోయిందట. ఆపరేషన్ టేబుల్ మీదే పోతానట. డాక్టర్ల కమిటీ కూర్చుని వద్దని తేల్చింది.”

“మళ్లీ ఒకసారి టెస్ట్ చేయించుకుందాం ఆంటీ. ఇంకో ఆసుపత్రికి...”

“ఇంక వద్దమ్మా.” ఆ గొంతులో కోపం లేదు. నాకు దానికే భయం వేసింది.

ఐరిష్ ఆవిడకి మాత్రం కోపం ఆగలేదు. లాబీలో గోడకి చేయి ఆనించి, “నేను ఇస్తానంటున్నాను. తను తీసుకుంటానంటోంది. మధ్యలో వీళ్లెవరు?” అంది. ఆ మధ్యలో ఉన్నదాన్ని నేనే అనిపించింది. కమిటీ చేసింది సరైన పనే అని నాకు తెలుసు. అన్నేళ్ల డయాలసిస్ గుండెని ఏం చేస్తుందో కూడా తెలుసు. తెలిసి తెలిసీ నేనే ఆవిడ వెంటపడ్డాను. ఇంకో ఆసుపత్రికి రిపోర్టులు పంపించారు. అక్కడి నుంచీ అదే జవాబు వచ్చింది.

మే రెండో వారంలో ఆంటీ డయాలసిస్ ఆపేస్తానని డాక్టర్‌కి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడాడు. సోషల్ వర్కర్ మాట్లాడింది. మేనకోడలు టల్సా నుంచి వచ్చి ఏడ్చింది. ఒకసారి పోరుపెట్టి ఒప్పించినదాన్ని, రెండోసారి ఏ మొహం పెట్టుకుని అడగను? ఆఖరి రోజు సూదులు తీసి, రక్తం ఆగేదాకా చేతిని నొక్కి పట్టుకున్నాను. అవసరమైన దానికంటే ఎక్కువసేపే పట్టుకున్నాను.

“నా వల్లే మీరు ఆశ పెట్టుకున్నారు ఆంటీ.”

“అవును” అంది. కాదని అంటుందనుకున్నాను. “కానీ కోటు బాగుంది.”

పేషెంట్ల ఇళ్లకి వెళ్లకూడదని మాకు రూలు. నేను రెండుసార్లు వెళ్లాను. ఊరి చివర చిన్న చెక్క ఇల్లు. చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ వాళ్లు హాల్లో మంచం వేశారు. మొదటిసారి వెళ్లేసరికి వంటింట్లోంచి వెన్న వాసన. కిడ్నీ పేషెంట్లకి బంగాళాదుంప పనికిరాదు. అందులో ఉండే పొటాషియం గుండెని ఆపేస్తుంది. ఏళ్ల తరబడి ఆవిడకి మేము అదే పాఠం చెప్పాం. ఐరిష్ ఆవిడ వాటిని ఉడకబెట్టి, మెదిపి, ఉల్లికాడలు, పాలు, వెన్న కలిపి పెద్ద గిన్నె నిండా చేసింది. ఆంటీ నా వైపు ఓరగా చూసింది.

“రిపోర్ట్ రాస్తావా?”

“నేను ఇక్కడికి రాలేదుగా ఆంటీ.”

నాలుగు చెంచాలు తినగలిగింది. అయిదోది నోట్లో ఉంచుకుని మింగలేకపోయింది. ఐరిష్ ఆవిడ రుమాలుతో తీసేసింది. గిన్నె అలాగే ఉండిపోయింది. మేమిద్దరం కూడా ముట్టుకోలేదు.

రెండోసారి వెళ్లేసరికి ఆవిడ ఎక్కువగా నిద్రలోనే ఉంది. ఒళ్లంతా దురద, ఎగశ్వాస. మధ్యలో మెలకువ వచ్చి చాక్టాలో ఏదో అడిగింది. మేనకోడలికి అర్థం కాలేదు. “ఇంగ్లీషులో చెప్పు అత్తా” అని రెండు మూడుసార్లు బతిమాలింది. ఆవిడకి అప్పటికి ఇంగ్లీషు అందడం లేదు. ఐరిష్ ఆవిడకి ఆ భాషలో వచ్చినవి పలకరింపులూ థాంక్యూలూ మాత్రమే. వరసగా అవే చెప్పింది. “హలీటో... యకోకే... యకోకే...” ఆంటీ ఇంకోసారి అదే అడిగి ఊరుకుంది. నీళ్లే అడిగిందో, ఎవరినైనా పిలిచిందో, ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలియలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. మెషిన్ ఆపేసి అప్పటికి తొమ్మిది రోజులు.

పాతిపెట్టే రోజు వాళ్ల చర్చిలో బల్లలు నిండాయి గానీ, చాక్టా పాట ఎత్తుకున్నప్పుడు నోరు కదిపినవాళ్లు ఆరుగురో ఏడుగురో. అందరూ ముసలివాళ్లే. ఒకాయన ఆక్సిజన్ సిలిండర్‌తో వచ్చాడు, చరణం మధ్యలో ఊపిరి చాలక ఆగిపోయాడు. మిగతావాళ్లు పుస్తకంలో అక్షరాలు చూస్తూ కూర్చున్నారు. పాట అయిపోయాక పాస్టర్ ఇంగ్లీషులో ప్రార్థన చేశాడు.

ఐరిష్ ఆవిడకి ఇంకా రెండు వారాల సెలవుంది. మూడో రోజు పొద్దున్నే సెంటర్‌కి వచ్చింది. లోపలికి రాకూడదు కాబట్టి నన్ను బయటికి పిలిచింది.

“ఇక్కడ ఇంకెవరికి ఇవ్వొచ్చు?”

“ఏంటి?”

“నా కిడ్నీ. ఆ టోపీ పెట్టుకునే ఆయనది ఏ బ్లడ్ గ్రూపు? ఆ అమ్మాయి, ఇద్దరు కవలల తల్లి, ఆమెది? నాకు అన్ని పరీక్షలూ అయిపోయాయి కదా. నేను సిద్ధంగా ఉన్నాను.”

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడం చట్టానికి విరుద్ధమని చెప్పాను. ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇచ్చే పద్ధతి ఆసుపత్రిలో ఉంటుంది గానీ, మళ్లీ మొదటి నుంచి ఇంటర్వ్యూలు, కమిటీలు, నెలలు పడుతుందనీ చెప్పాను. ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసింది. వాళ్లూ అదే చెప్పారు. పైగా, ఆత్మీయులు పోయిన దుఃఖంలో తీసుకున్న నిర్ణయం చెల్లదు, కొన్ని నెలలు ఆగమన్నారట. ఆవిడకి ఉన్నవి పదకొండు రోజులు.

మేము అద్దాల తలుపు బయట నిలబడ్డాం. లోపల పన్నెండు కుర్చీలూ కనిపిస్తున్నాయి. ఆంటీ కుర్చీలో అప్పటికే కొత్త పేషెంట్. టోపీ ఆయన మా వైపు చూసి చెయ్యి ఊపాడు. ఆవిడ కూడా ఊపింది.

డాలస్ ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేసి దింపాను. దారిలో ఒకచోట కాఫీకి ఆగినప్పుడు అంది. “మావాళ్లు ఆకలితో ఉన్నప్పుడు వాళ్లు పంపింది మావాళ్ల నోటికి చేరింది. నేను తెచ్చింది చేరలేదు.”

మీరు వచ్చారు, అదే చాలు అనాలని నోటిదాకా వచ్చింది. చాలలేదని ఇద్దరికీ తెలుసు. కాఫీ కప్పులు పారేసి కారు తీశాను. సెక్యూరిటీ లైన్లో నిలబడి ఆవిడ వెనక్కి చూడలేదు. తెచ్చినది తెచ్చినట్టే ఒంట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

కాంట్రాక్ట్ అయ్యాక, మా ఆయనకి చాండ్లర్‌లో ఉద్యోగం దొరికితే ఇద్దరం అరిజోనా వచ్చేశాం. ఇక్కడా డయాలసిస్ సెంటర్‌లోనే చేస్తున్నాను. మేనకోడలు ఆ ఇల్లు అమ్మేసిందని విన్నాను. కొన్నాళ్లు నేనూ ఐరిష్ ఆవిడా మెసేజ్‌లు పెట్టుకున్నాం. ఒక క్రిస్మస్‌కి పెద్ద ఉత్తరం రాసింది. తన దేశంలోనే ఎవరికైనా ఇద్దామని వెళ్లిందట. ఈసారి పరీక్షల్లో షుగరు మొదలైనట్టు కనపడిందట. ఇక ఎప్పటికీ ఇవ్వడానికి వీల్లేదన్నారట. రెండేళ్ల కిందట పనికొచ్చేది అని రాసింది. దానికి ఏం జవాబు రాయాలో తెలియక వాయిదా వేశాను. తర్వాత రాయడానికి సిగ్గేసింది. ఆవిడ కూడా మళ్లీ రాయలేదు.

ఇక్కడ నా పేషెంట్లలో నవాహో వాళ్లు కొందరున్నారు. కోవిడ్ అప్పటి ఐర్లాండ్ వాళ్ల సాయం గురించి ఒకావిడని అడిగాను. ఆ రోజుల్లో ఎవరెవరో పెట్టెలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేవారు, ఎవరు ఎక్కడి నుంచి పంపారో మాకేం తెలుసు అంది. వాళ్లింట్లో ఆ ఏడాది ముగ్గురు పోయారు.

కొత్తవాళ్లు ట్రాన్స్‌ప్లాంట్ గురించి అడిగితే కాగితాలిచ్చి, ఏ నంబరుకి ఫోన్ చేయాలో చెబుతాను. స్టూల్ వేసుకుని పక్కన కూర్చోవడం మానేశాను.